రంగుటద్దాల కిటికీలు – వాటి కాలనిర్ణయము

మన దేవాలయములు ఎప్పుడు కట్టబడినవో చెప్పుట సాధారణముగా కష్టము కాదు. పునాదిరాతి మీద సంవత్సరము చెక్కబడి యుండును. ప్రతిష్ఠారాధన జరిగిన దినము రిజిస్టరులో వ్రాయబడి యుండును. అదియు లేనిచో సంఘములోని వృద్ధులు చెప్పుదురు. కాని బలిపీఠము వెనుక ఉదయపు ఎండలో వెలుగుచున్న రంగుటద్దాల కిటికీని చూపి, “ఇది ఎప్పటిది? ఎవరు చేసిరి? ఎవరి కానుక?” అని ఒక బాలుడు అడిగినయెడల, మనలో చాలమంది “గుడితోపాటే వచ్చినది, దొరలు సీమనుండి తెప్పించినారు” అని చెప్పి ఊరకుందుము.

ఈ జవాబు కొన్నిచోట్ల నిజము కావచ్చును, అనేకచోట్ల కాదు. మన పల్లెలలో పాత మేడలను పడగొట్టినప్పుడు టేకు ద్వారబంధములను కొని తెచ్చి కొత్త ఇంటికి అమర్చుకొందురు. ఆ ద్వారబంధమును చూచి ఇల్లు నూరేండ్లదని చెప్పరాదు. అట్లే పాత ఇంటికి కొత్త తలుపు పెట్టినంతమాత్రమున ఆ ఇల్లు నిన్నటిది కాదు. కిటికీల సంగతియు ఇంతే. కిటికీ తానున్న గోడకంటె వయస్సులో చిన్నదై యుండవచ్చును, పెద్దదియు కావచ్చును. ఈ రెండింటికి ఒక్కొక్క దృష్టాంతము ఈ వ్యాసములో చూపుదుము. మొదటిది మన మెదకులోనిది. రెండవది ఇంగ్లండు దేశములోని కాంటర్బరీలోనిది. ఆ రెంటి నడుమ, అద్దము తన వయస్సును ఏ గుర్తుల ద్వారా తెలుపునో వివరింతుము.

మెదకు గుడి – మూడు కిటికీలు

మెదకు దేవాలయపు కట్టడము 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో, కరువు కాలములో పేదలకు పని, తిండి కల్పించుచు ఈ గుడి కట్టబడిన కథ మన ఇండ్లలో పెద్దలందరు చెప్పుకొనునదే. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆ మందిరములో అడుగిడినవారి చూపు మొదట పోవునది ఉత్తరపు గోడలో, బలిపీఠమునకు పైగా ఉన్న క్రీస్తు ఆరోహణపు కిటికీ మీదికి. పడమటి దిక్కున క్రీస్తు జననము, తూర్పు దిక్కున సిలువ మరణము చిత్రింపబడిన మరి రెండు కిటికీలు గలవు.

చూడవచ్చిన యాత్రికులలో అనేకులు ఈ మూడును 1924 నాటివే యనుకొందురు. కాని ఆరోహణపు కిటికీ అమర్చబడినది 1927లో. జననపు కిటికీ 1947లో. సిలువ కిటికీ 1958లో. అనగా, ఆ 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠారాధనలో మోకరించిన వేలాది జనులలో ఒక్కరును ఈ మూటిలో దేనిని చూడలేదు. మొదటి కిటికీకి కడపటి కిటికీకి మధ్య 31 సంవత్సరములు గడచినవి. 1927లో తల్లి ఒడిలోనుండి ఆరోహణపు కిటికీని చూచిన పసిబిడ్డ, సిలువ కిటికీ వచ్చునాటికి తన బిడ్డను ఎత్తుకొని గుడికి రాదగిన వయస్సు వాడగును. ఆ నడుమ దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. 1948లో నిజాము ప్రభుత్వము అంతరించెను. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఇంత చరిత్ర ఆ మూడు కిటికీల నడుమ ఇమిడియున్నది. మూడును ఒక్కనాటివే యనుకొన్నచో ఇది యంతయు మన కంటికి మరుగగును.

ఇంకొక సంగతి. ఈ మూడు కిటికీలకును చిత్రకల్పన చేసినవారు ఒక్కరే – లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ. ఆయన 1874లో పుట్టి 1962లో మరణించెను. రాజుల రూపచిత్రములు వ్రాసి పేరొందినవాడైనను, బాల్యములో పని నేర్చినది తన అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలోనే. మెథడిస్టు విశ్వాసి. చేయి ఒక్కటే గనుక మూడు కిటికీల పోలికయు ఒక్కటే. కేవలము చిత్రపు తీరును చూచి కాలము చెప్పబోయిన పండితుడు ఈ మూటిని ఒక్క కాలమునకే చేర్చును. పనివాని పేరు తెలిసినంతమాత్రమున సంవత్సరము తెలియదు; ఆయన జీవితకాలపు ఎల్లలు మాత్రమే తెలియును. లెక్కల పుస్తకము, కమిటీ మినిట్సు, ఉత్తరములు – ఇవి లేనిదే ఆ ఎల్లల లోపల సరియైన సంవత్సరమును పట్టుకొనుట సాధ్యము కాదు.

కిటికీ మీది వ్రాత చెప్పునది, చెప్పనిది

అనేక కిటికీల అడుగున “ఫలాని వారి జ్ఞాపకార్థము” అని పేరును, మరణించిన సంవత్సరమును వ్రాయబడి యుండును. ఆ సంవత్సరమునే కిటికీ సంవత్సరముగా ఎంచుట సామాన్యముగా జరుగు పొరపాటు. కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతెడ్రలు దీనికి మంచి ఉదాహరణము. ఆ గుడి ప్రతిష్ఠ 1847లో జరిగినది. అందలి పడమటి పెద్ద కిటికీ వైస్రాయి లార్డ్ మేయో జ్ఞాపకార్థమైనది. మేయో 1872 ఫిబ్రవరి 8వ తేదీన అండమాను దీవులలో హత్య గావింపబడెను. కాని బర్న్-జోన్స్ చిత్రకల్పనతో మోరిస్ కంపెనీవారు ఆ కిటికీని చేసినది 1880లో. గుడి సంవత్సరమొకటి, మరణ సంవత్సరమొకటి, కిటికీ సంవత్సరమొకటి. జ్ఞాపకార్థపు వ్రాత మనకు నిశ్చయముగా చెప్పునది ఒక్కటే – కిటికీ ఆ మరణమునకు ముందుది కాదని. ఎంత తర్వాతదో అది చెప్పదు. ఒక్కొక్కప్పుడు పాత కిటికీకే తర్వాతి కాలమున జ్ఞాపకార్థపు పలకను చేర్చుటయు కలదు గనుక, ఆ వ్రాత కిటికీతోపాటు పుట్టినదేనా అని కూడ చూడవలెను.

కొన్ని కంపెనీలవారు పేరునకు బదులు చిన్న గుర్తును ఒక మూల ఉంచెడివారు. ఇంగ్లండులో చార్లెస్ కెంప్ అను ఆయన కార్ఖానా గుర్తు గోధుమ పన. 1907లో ఆయన చనిపోయిన పిమ్మట, ఆయన బంధువైన వాల్టర్ టవర్ ఆ పన మీద ఒక చిన్న బురుజును చేర్చెను. టవర్ అనగా బురుజే గదా! ఆ కంపెనీ 1934లో మూతబడెను. కాబట్టి పన మీద బురుజున్న కిటికీ 1907కు ముందుది కానేరదు, 1934కు తర్వాతది కానేరదు. లండనులోని వైట్‌ఫ్రయర్స్ కార్ఖానావారు ముసుగు కప్పుకొన్న చిన్న సన్యాసి బొమ్మను గుర్తుగా వాడిరి. ఇట్టి గుర్తులు బొటనవ్రేలంత యుండి, అడుగు అంచున దుమ్ములో మరుగై యుండును. వెదకినవారికే కనబడును.

అద్దమే సాక్ష్యము

వ్రాతయు గుర్తును లేనిచోట అద్దమునే ప్రశ్నింపవలెను. ఐరోపాలో మధ్యయుగములలో ఇసుకను, చెట్ల బూడిదను కలిపి కాచి అద్దము చేసెడివారు. థియోఫిలస్ అను పేరుతో ఒక సన్యాసి 12వ శతాబ్దములో వ్రాసిన గ్రంథములో ఈ పని యంతయు వివరింపబడినది. (లూకా తన సువార్తను ఎవరికి వ్రాసెనో ఆ థెయొఫిలా వేరు, ఈయన వేరు.) కరిగిన అద్దములో కోబాల్టు కలిపిన నీలము, రాగి కలిపిన ఆకుపచ్చ లేక ఎరుపు, మాంగనీసు కలిపిన ఊదా రంగు వచ్చును. రాగితో వచ్చు ఎరుపు మరీ చిక్కనైనది. అద్దమంతయు ఎరుపైనచో వెలుగు దాటదు. అందుచేత తెల్లని అద్దము మీద ఎర్రని పలుచని పొరను ఎక్కించెడివారు. ముఖములు, వేళ్లు, వస్త్రపు మడతలు మాత్రము నల్లని లేక గోధుమ రంగు పూతతో గీసి, మరల కొలిమిలో కాల్చెడివారు.

ఈ పనిలో ఒక్కొక్క కాలమున ఒక్కొక్క కొత్త మార్గము కనుగొనబడినది. ఆ క్రమము తెలిసినవారికి కాలనిర్ణయము సులభమగును. వెండి కలిసిన పూతను తెల్లని అద్దము మీద పూసి కాల్చినచో చక్కని పసుపు వచ్చును. ఇది ఐరోపా కిటికీలలో 14వ శతాబ్దపు ఆరంభమున వాడుకలోనికి వచ్చినది. ఒకే తెల్లని పలక మీద ముఖము తెల్లగాను, తల వెండ్రుకలు బంగారు వన్నెగాను ఉన్నచో, ఆ పలక అంతకు ముందుది కాదు. వేరువేరు రంగుల ఎనామిలు పూతలతో అద్దము మీద పటము వలె వ్రాయుట 16వ శతాబ్దములో ప్రబలినది. యంత్రపు రోలరుతో తీసిన గరుకు అద్దమునకు ఇంగ్లండులో జేమ్స్ హార్ట్లీ 1847లో పేటెంటు పొందెను. నడుమ మందముగాను అంచుల పలుచగాను ఉండి, వెలుగు ఎగుడుదిగుడుగా వచ్చు దళసరి పలకను ఎడ్వర్డ్ ప్రయర్ 1889లో ప్రవేశపెట్టెను. పాలు కలిపినట్లు మసకగానుండి లోపల రంగులు సుడులు తిరుగు అద్దముతో కిటికీలు చేయుటకు అమెరికాలో జాన్ లా ఫార్జ్ 1880లో పేటెంటు పొందెను. ఇట్టి అద్దము మొదటినుండియు ఉన్న కిటికీని 1860 నాటిదని చెప్పిన నమ్మరాదు.

“మొదటినుండియు ఉన్న” అను మాట ఇక్కడ ముఖ్యము. తుపానుకు పగిలిన ఒక పలకను తర్వాత మార్చి యుండవచ్చును. అప్పుడు ఆ పలక మరమ్మతు కాలమును చెప్పునే గాని కిటికీ కాలమును చెప్పదు. పలకలను కలిపి పట్టు సీసపు పట్టీల సంగతియు ఇట్టిదే. పాతకాలమున సీసమును అచ్చులో పోసెడివారు. 16వ శతాబ్దము నుండి చిన్న మరచక్రముల నడుమ లాగి తీయుట మొదలైనది. ఆ చక్రముల పండ్ల గుర్తులు పట్టీ లోపలి భాగమున పడును. కొందరు పనివారు తమ పేరును, సంవత్సరమును చక్రము మీద చెక్కియుంచుటచే, ఇంగ్లండులో కొన్ని పాత కిటికీల సీసమును విప్పినప్పుడు లోపల సంవత్సరము కనబడినది. కాని సీసము కాలక్రమమున మెత్తబడి వంగును, చీలును. అద్దమును అట్లేయుంచి సీసము మాత్రము కొత్తది వేయుట పరిపాటి. కావున సీసపు వయస్సు అద్దపు వయస్సు కాదు.

ఒక అపోహను కూడ తీర్చవలసియున్నది. “పాత అద్దము అడుగున మందముగా నుండును, ఏలయనగా అద్దము ఏండ్ల తరబడి మెల్లగా క్రిందికి జారును” అని బడిపుస్తకములలో చదివినవారు కలరు. ఇది నిజము కాదు. సాధారణమైన వేడిమిలో అద్దము జారదు. పాత పద్ధతిలో ఊది చేసిన అద్దము అన్నిచోట్ల ఒకే మందమున రాదు, అంతే. కాబట్టి అడుగు మందమును కొలిచి వయస్సు చెప్పువారి మాట నమ్మదగినది కాదు.

కాంటర్బరీలో నాతాను

ఇప్పుడు రెండవ దృష్టాంతమునకు వత్తుము. మెదకులో కిటికీలు గోడకంటె చిన్నవి; కాంటర్బరీలో గోడకంటె పెద్దది యున్నది.

కాంటర్బరీ కతెడ్రలులో పాత గాయకమండపము 1130లో ప్రతిష్ఠింపబడెను. 1170 డిసెంబరు 29వ తేదీన ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ ఆ గుడిలోనే హత్య చేయబడెను. 1174 జూలైలో రెండవ హెన్రీ రాజు అక్కడికి వచ్చి పశ్చాత్తాపము కనపరచెను. రెండు నెలలు తిరుగకమునుపే, సెప్టెంబరు 5వ తేదీన, అగ్ని అంటుకొని గాయకమండపము కాలిపోయెను. గెర్వేసు అను సన్యాసి ఆ అగ్నిని, ఆ తర్వాతి కట్టడమును గూర్చి వివరముగా వ్రాసియుంచెను. ఫ్రెంచి మేస్త్రీ విలియం ఆఫ్ సెన్స్ పని మొదలుపెట్టి, సారువ మీదనుండి పడి గాయపడగా, ఇంగ్లీషువాడైన మరియొక విలియం దానిని ముగించెను.

ఈ కొత్త కట్టడపు పై కిటికీలలో క్రీస్తు పూర్వికుల వరుస అమర్చబడెను. లూకా సువార్త 3వ అధ్యాయమును ఆధారము చేసికొని, మత్తయి వంశావళి నుండియు పేర్లు చేర్చి, ఆదాము మొదలు 86 మందిని నిలువెత్తున చిత్రించిరి. వారిలో సగము మాత్రమే నేటికి మిగిలిరి. ఆదివారపు బడిలో మనము ఊపిరి తీయకుండ చదివి ముగించు ఆ పేర్లపట్టిక అక్కడ రంగులలో నిలిచియున్నది! గోడలు 1174 తర్వాతివి గనుక, ఈ బొమ్మలును 1174 తర్వాతివే యని అందరు చాలకాలము తలంచిరి.

మాడెలిన్ కేవినెస్ అను కళాచరిత్ర పండితురాలు 1987లో వేరొక మాట చెప్పెను. వీరిలో నలుగురి తీరు మిగిలినవారివలె లేదనియు, ఈ నలుగురు అగ్నికి పూర్వమే చేయబడి, కొత్త కిటికీలలో మరల అమర్చబడిరనియు ఆమె అభిప్రాయము. అది కంటితో చూచి చెప్పిన మాట. ఋజువు చేయుటకు అద్దమును పెకలించి ముక్క విరుగగొట్టి పరీక్షింపవలెను. అట్టి పనికి ఎవరు ఒప్పుకొందురు?

దాదాపు 34 సంవత్సరముల తర్వాత మార్గము దొరికినది. లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన లారా ఆడ్లింగ్టన్, ఇయాన్ ఫ్రీస్టోన్ అను శాస్త్రజ్ఞులు, కతెడ్రలు అద్దముల సంరక్షణ చూచు లియోనీ సెలిగర్‌తో కూడి, చేతిలో ఇమిడెడి ఎక్సురే యంత్రముతో నాతాను బొమ్మను పరీక్షించిరి. లూకా వంశావళిలో దావీదు తరువాత వచ్చు పేరే ఈ నాతాను. ఎక్సురే కిరణము తగిలినప్పుడు అద్దములోని ఒక్కొక్క మూలకము తనదైన కిరణమును తిరిగి పంపును. దానినిబట్టి అద్దము ఏయే పదార్థములతో చేయబడినదో తెలియును. సీసపు పట్టీలు అద్దముకంటె పైకి లేచియుండుటచే యంత్రము అద్దమునకు సరిగా ఆనదు. ఆ యడ్డంకి దాటుటకు వారు ఒక చిన్న అమరికను ప్రత్యేకముగా చేసికొనిరి. అద్దమునకు గీత పడలేదు, ముక్క తీయలేదు.

ఒకే బొమ్మలో వేరువేరు కాలముల అద్దము ఉన్నదని పరీక్షలో తేలెను – మూలమైన పాత అద్దము, మధ్యయుగములోనే జరిగిన మార్పుల అద్దము, ఆధునికపు మరమ్మతుల అద్దము. మూలమైన అద్దము 1130 – 1160 మధ్యదై యుండునని 2021లో వారు ప్రకటించిరి. పండితురాలి కంటి సాక్ష్యమును యంత్రపు సాక్ష్యము బలపరచినది. ఈ నిర్ణయము ప్రకారము నాతాను ఇంగ్లండులో నిలిచియున్న అతి ప్రాచీనమైన చిత్రిత కిటికీలలో ఒకటి. బెకెట్ హత్యనాడును, రాజు పశ్చాత్తాపపడిన నాడును ఆ గుడిలో ఉన్నవాడు. గోడలు కాలిపోయినవి, అద్దము మిగిలినది.

ఈ కథలో మనము నేర్వదగినది యంత్రము గొప్పతనము కాదు. ఆ గుడివారు 1174లో పాతబొమ్మలను పారవేయక దాచి, మరల వాడిరి. తర్వాతి శతాబ్దములవారు మరమ్మతులు చేయునప్పుడు కూడ పాతముక్కలను ఉంచిరి. ఉంచినందుననే ప్రశ్నించుటకు సాక్షి మిగిలెను.

మన గుడులలో చేయవలసినది

మన అధ్యక్ష మండలములో నూరేండ్లు దాటిన గుడులు అనేకము గలవు. ఉత్సవములు సమీపించినప్పుడు వెల్లవేయుదుము, కొత్త తలుపులు పెట్టుదుము, పగిలిన రంగుటద్దము స్థానములో బజారులో దొరకు సాదా అద్దము బిగింతుము. ఆ ఒక్క పూటలో ఏండ్ల సాక్ష్యము చెత్తబండి ఎక్కును. పిమ్మట పాలరాతి మీద తప్పు సంవత్సరమును చెక్కించినచో, మన మనుమలు దానినే సత్యమని నమ్ముదురు. నిజముగా కానుక ఇచ్చిన కుటుంబపు పేరు మరుగున పడును. కావున సంఘ పెద్దలకు కొన్ని మనవులు.

మొదటిది, ఏ మరమ్మతుకైనను ముందు, కిటికీకి లోపలినుండియు వెలుపలినుండియు ఫోటోలు తీయించవలెను. ఎండ వెనుకనుండి వచ్చు వేళ లోపలినుండి తీసినచో రంగులును గీతలును కనబడును. వెలుపలినుండి తీసినచో సీసపు పట్టీలు, అతుకులు, మార్చిన పలకలు తేటపడును.

రెండవది, అడుగున, మూలలయందు ఉన్న ప్రతి అక్షరమును, ప్రతి గుర్తును ఉన్నదున్నట్లుగా నోటుపుస్తకములో ఎక్కించవలెను. అర్థము కానంతమాత్రమున విడిచిపెట్టరాదు.

మూడవది, ఇత్తడి పాత్రలను తోమినట్లు చింతపండుతోగాని, సబ్బుపొడితోగాని కిటికీని తోమరాదు. కాల్చిన పూత బలహీనమై యున్నచో ముఖములు, అక్షరములు ఆ నీటితోనే కొట్టుకొనిపోవును. సంవత్సరము వ్రాసిన గీతయే పోయినచో ఇక అడుగుటకు ఎవరుందురు?

నాలుగవది, రాలిన ముక్కలను కవరులో ఉంచి, ఏ కిటికీ, ఏ భాగము, ఏ తేదీన రాలినదో పైన వ్రాసి బీరువాలో భద్రపరచవలెను.

ఐదవది, పాస్టరేటు కమిటీ మినిట్సు, లెక్కల పుస్తకములు, మిషను రిపోర్టులు, పాత ఫోటోలు వెదకవలెను. పెండ్లి ఫోటోలలో వధూవరుల వెనుక కిటికీ కనబడును. ఒక పెండ్లినాటికి సాదా అద్దమును, మరియొక పెండ్లినాటికి రంగుటద్దమును కనబడినచో, ఆ రెండు పెండ్లిండ్ల నడుమనే కిటికీ వచ్చినదని తెలియును. ఆ ఫోటోలు ఉండునది గుడి బీరువాలో కాదు, మన ఇండ్ల ట్రంకు పెట్టెలలో. ఇది సంఘమంతయు చేయదగిన పని.

కడపటిది, ఖచ్చితమైన సంవత్సరము దొరకనిచో ఊహించి చెక్కించరాదు. “ఈ సంవత్సరమునకు తర్వాత, ఆ సంవత్సరమునకు ముందు” అని వ్రాయుటలో తక్కువతనమేమియు లేదు. కాంటర్బరీ పండితులు సయితము 1130 – 1160 అనియే వ్రాసిరి.

రంగుటద్దాల కిటికీ వెలుపలనుండి చూచినచో నల్లగా, మసిబారినట్లు కనబడును. లోనికి వచ్చి, వెలుగుకు ఎదురుగా నిలిచి చూచినవారికే అది తన బొమ్మను చూపును. దాని చరిత్రయు అట్టిదే. దగ్గరకు పోయి ఓపికతో చూచినవారికి దొరకును. పూర్వులు మనకు అప్పగించిన ఈ అద్దములను పేరుతోను, నిజమైన కాలముతోను మన పిల్లలకు అప్పగించుట ఈ శతవత్సరపు పనులలో ఒకటిగా ఎంచుకొందము.